వారానికి ఒక పెద్ద పెగ్గు: తాగుడు తగ్గించే క్లుప్త కౌన్సెలింగ్‌పై ట్రయల్ ఎలా చేయాలి

బీపీ కోసమో కడుపు మంట కోసమో ఓపీకి వచ్చిన మనిషిని తాగుడు గురించి కొన్ని ప్రశ్నలడిగి, జవాబుల్ని బట్టి ఐదు నిమిషాల నుంచి అరగంట దాకా కూర్చోబెట్టి మాట్లాడటం. బ్రీఫ్ ఇంటర్వెన్షన్ అంటే ఇంతే. తాగుడు మాన్పించే వైద్యం వేరు. ఇది పూర్తిగా బానిస కాకముందే హద్దు దాటుతున్నవాళ్ల కోసం. ఖర్చు తక్కువ, డాక్టరే చేయాలన్న నియమం లేదు. అందుకే ఎంపీహెచ్ (ప్రజారోగ్యం), కమ్యూనిటీ మెడిసిన్, సైకియాట్రీ విద్యార్థులు తరచూ ఈ అంశాన్ని ఎంచుకుంటారు.

మొదలుపెట్టే ముందు ఒక అంకె గుర్తుంచుకోండి. 2018లో వచ్చిన కొక్రేన్ సమీక్ష (అప్పటికే జరిగిన ట్రయల్స్‌ను ఒకచోట చేర్చి చూసేది) 69 ట్రయల్స్‌ను పరిశీలించింది. ఏడాది తర్వాత, కౌన్సెలింగ్ అందినవాళ్లు అందనివాళ్ల కంటే వారానికి సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ తక్కువ తాగుతున్నారని తేల్చింది. మన లెక్కలో అది ఒక పెద్ద పెగ్గు, అంటే 60 మి.లీ. విస్కీ. మీరు పట్టుకోవాల్సిన తేడా సుమారుగా అంతే. సీసాలోంచి గ్లాసులోకి కంటి అంచనాతో వంచుకునేటప్పుడే అంత అటూ ఇటూ అవుతుంది. కాబట్టి కింద చెప్పే ప్రతి పనిలోనూ మిమ్మల్ని మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఇక్కడ జరిగే పొరపాటు ఆ ఒక్క పెగ్గును మింగేస్తుందా?

1. ప్రశ్నను ఒక్క వాక్యంలోకి దించండి

ఎవరికి, ఎవరు, ఏం ఇస్తున్నారు, దేనితో పోలుస్తున్నారు, ఏది ఎప్పుడు కొలుస్తారు. ఇవన్నీ ఒకే వాక్యంలో ఇమడాలి. ఉదాహరణకు (ఇందులో ఆడిట్ అంటే తాగుడు తీవ్రతను కొలిచే పది ప్రశ్నల సాధనం): “ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చే, ఆడిట్ స్కోరు 8 నుంచి 19 మధ్య ఉన్న మగవాళ్లలో, శిక్షణ పొందిన కౌన్సెలర్ ఒకసారి 20 నిమిషాలు మాట్లాడితే, కరపత్రం మాత్రమే తీసుకున్నవాళ్లతో పోల్చినప్పుడు, ఆరు నెలలకు స్కోరు 8 కంటే కిందికి దిగేవాళ్ల శాతం పెరుగుతుందా?”

ఈ వాక్యం రాయలేకపోతే ప్రొటోకాల్ (ట్రయల్ ప్రణాళిక) మొదలుపెట్టకండి. “తాగుడుపై కౌన్సెలింగ్ ప్రభావం” అన్న శీర్షికతో మొదలైన థీసిస్‌లు చివరికి పది రకాల ఫలితాలు కొలిచి, అందులో ఏదో ఒకటి కలిసొస్తే దాన్నే పట్టుకుంటాయి. ప్రధాన ఫలితం ఒక్కటే ఉండాలి, దాన్ని ముందే రాసిపెట్టాలి. మిగతావన్నీ ద్వితీయం.

మగవాళ్లనే తీసుకుంటున్నారా? అయితే కారణం రాయండి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో సుమారు 43 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 23 శాతం మద్యం తాగుతున్నారు. ఆడవాళ్లలో ఆ శాతం చాలా తక్కువ కాబట్టి వాళ్లలో అర్హుల్ని వెతకడానికి ఖర్చు బాగా పెరుగుతుంది. అది ఒప్పుకోదగ్గ కారణమే. అయితే తెలంగాణ పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లు కల్లు తాగడం దాచుకునే విషయమేమీ కాదు. అక్కడ పనిచేస్తూ “ఆడవాళ్లు తాగరు” అని రాస్తే ఆ ఊరివాళ్లే నవ్వుతారు.

2. సీసాల్ని గ్రాముల్లోకి మార్చండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రశ్నావళిలో ఒక “డ్రింక్” అంటే 10 గ్రాముల శుద్ధ ఆల్కహాల్. బ్రిటన్‌లో యూనిట్ 8 గ్రాములు, అమెరికాలో డ్రింక్ 14 గ్రాములు. విదేశీ పేపర్‌లోంచి “వారానికి 14” లాంటి హద్దును ఎత్తుకొచ్చేముందు అది ఏ దేశపు డ్రింకో చూడండి.

లెక్క తేలికే: మి.లీ. × ఆల్కహాల్ శాతం × 0.789 (ఆల్కహాల్ సాంద్రత). మన దగ్గర విస్కీ, బ్రాందీ, రమ్ సీసాల మీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. దాన్ని 0.428గా తీసుకుంటే:

చిన్న పెగ్గు 30 మి.లీ.: సుమారు 10 గ్రాములు, 1 డ్రింక్
పెద్ద పెగ్గు 60 మి.లీ.: 20 గ్రాములు, 2 డ్రింక్‌లు
90 మి.లీ. సీసా: 30 గ్రాములు, 3 డ్రింక్‌లు
క్వార్టర్ 180 మి.లీ.: 61 గ్రాములు, 6 డ్రింక్‌లు
650 మి.లీ. స్ట్రాంగ్ బీరు, 8 శాతం: 41 గ్రాములు, 4 డ్రింక్‌లు
650 మి.లీ. మామూలు బీరు, 5 శాతం: 26 గ్రాములు, రెండున్నర డ్రింక్‌లు

ఈ పట్టికను సీసాల ఫొటోలతో ఒక అట్ట మీద అచ్చు వేయించి ప్రతి ఇంటర్వ్యూయర్‌కీ ఇవ్వండి. జవాబుదారు చెప్పిన మాటే ఫారంలో రాయాలి: “క్వార్టర్‌లో సగం పైన”, “ఇద్దరం కలిసి ఒక హాఫ్”. గ్రాముల్లోకి మార్చే పని తర్వాత కంప్యూటర్‌లో ఒకే సూత్రంతో జరగాలి. ఇంటర్వ్యూయర్ మనసులో లెక్కకట్టి “4” అని రాస్తే ఆ తప్పును ఎప్పటికీ సరిదిద్దలేరు. గ్లాసుల్లో వంచుకుని తాగేవాళ్ల కోసం ఒక స్టీలు గ్లాసు, ఒక ప్లాస్టిక్ గ్లాసు, నీళ్ల సీసా, కొలజాడీ పెట్టుకోండి. “మీరు ఎంత పోసుకుంటారో ఈ నీళ్లతో చూపించండి” అంటే నోటి లెక్క కంటే చాలా దగ్గరగా వస్తుంది.

కల్లు దగ్గర చిక్కు మొదలవుతుంది. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి పులిసి ఘాటెక్కుతుంది. ఒకే చెట్టు కల్లులోనే శాతం పూట పూటకీ మారుతుంది. గుడుంబా, నాటుసారాకైతే లేబులే ఉండదు. వీటికి ఒక్క శాతం ఖాయం చేసి మర్చిపోకండి. తక్కువ అంచనాతో ఒకసారి, ఎక్కువ అంచనాతో ఒకసారి విశ్లేషణ చేసి, ఫలితం తలకిందులవుతుందో లేదో చూడండి. ఇంకొకటి: తెలంగాణలో కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన ఉదంతాలు చాలాసార్లు బయటపడ్డాయి. అలాంటి కల్లు రోజూ తాగే మనిషికి ఆడిట్ స్కోరు మధ్యస్థంగానే ఉన్నా, ఉన్నపళంగా మానితే ఫిట్స్ రావచ్చు. కాబట్టి “కల్లు దొరకని రోజు చేతులు వణికాయా, నిద్ర పట్టలేదా, పిచ్చిపట్టినట్టు మాట్లాడారా” అన్న ప్రశ్న మీ స్క్రీనింగ్‌లో ఉండాలి. అవునన్నవాళ్లు ట్రయల్‌లోకి రాకూడదు, ఆసుపత్రికి వెళ్లాలి.

3. ఆడిట్‌ను తెలుగులో నిలబెట్టండి

ఆడిట్ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు దేశాల్లో పరీక్షించి తయారుచేసిన పది ప్రశ్నల సాధనం. దాని పేపర్ 1993లో వచ్చింది. స్కోరు 0 నుంచి 40. సాధారణంగా 8 లేదా ఆపైన వస్తే హద్దు దాటినట్టు, 16 నుంచి 19 మరింత తీవ్రం, 20 లేదా ఆపైన అయితే బానిసై ఉండవచ్చని అనుమానించి పైస్థాయి వైద్యానికి పంపాలి. మొదటి మూడు ప్రశ్నల్నే విడిగా ఆడిట్-సీ అంటారు. దాని గరిష్ఠం 12, హద్దు మగవాళ్లకు 4, ఆడవాళ్లకు 3. రద్దీగా ఉండే ఓపీలో ముందు ఆడిట్-సీ అడిగి, హద్దు దాటినవాళ్లకే మిగతా ఏడూ అడగండి.

తెలుగులో మొదటి ఉచ్చు “మందు”. ఆసుపత్రి వరండాలో “మందు తీసుకుంటారా?” అంటే “రోజూ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి సార్” అని బీపీ మాత్రల సంగతి చెబుతారు. “డ్రింక్” అంటే కొందరికి కూల్‌డ్రింక్. “మద్యం” పత్రికల మాట, పైగా కల్లు తాగేవాళ్లు చాలామంది కల్లును మద్యం కింద లెక్కేయరు. దారి ఒక్కటే. పేరు పేరునా అడగండి: కల్లు, బీరు, బ్రాందీ, విస్కీ, రమ్, సారా. తెలంగాణలో సారా పక్కన గుడుంబా కూడా చేర్చండి.

రెండో ఉచ్చు మూడో ప్రశ్న: “ఒకే సందర్భంలో ఆరు లేదా అంతకంటే ఎక్కువ డ్రింక్‌లు ఎంత తరచుగా?” దీన్ని అక్షరాలా అనువదిస్తే ఎవరికీ అర్థం కాదు. పై లెక్క ప్రకారం ఆరు డ్రింక్‌లంటే దాదాపు ఒక క్వార్టర్. “ఒకే పూట ఒక క్వార్టర్‌గానీ, ఒకటిన్నర స్ట్రాంగ్ బీరుగానీ, అంతకంటే ఎక్కువగానీ” అని అడగండి. తర్వాత వచ్చే పశ్చాత్తాపం ప్రశ్నకు “అపరాధ భావన” అని రాస్తే పుస్తకంలా వినిపిస్తుంది. “తాగినందుకు తప్పు చేశానే అనిపించిందా” సరిపోతుంది. ఇలా మార్చిన ప్రతి మాటనూ ఇద్దరు విడివిడిగా అనువదించి, మూడో మనిషి మూలం చూడకుండా వెనక్కి అనువదించి, ఆ తర్వాత పది పదిహేను మంది తాగేవాళ్లతో కూర్చుని “ఈ ప్రశ్న మీకు ఏమని అర్థమైంది?” అని అడిగి ఖాయం చేయాలి. ఉత్తరాంధ్రలో సరిపోయిన వాక్యం కరీంనగర్‌లో సరిపోకపోవచ్చు.

మూడో ఉచ్చు చాలా పేపర్లను పట్టుకుంది. ఆడిట్ అడిగేది గడిచిన ఏడాది గురించి. మీరు ఫాలోఅప్ చేసేది, అంటే మళ్లీ కొలిచేది, మూడు లేదా ఆరు నెలలకు. ప్రశ్నలు అలాగే వదిలేస్తే కౌన్సెలింగ్‌కు ముందు తాగినదంతా స్కోరులోకి వస్తుంది, తేడా కనిపించదు. తొమ్మిది, పది ప్రశ్నలు మరీ ఇబ్బంది. దెబ్బ తగిలిందా, ఎవరైనా మానమన్నారా అన్న వీటికి గత ఏడాదిలో అయితే 4, అంతకుముందు అయితే 2 మార్కులు. మనిషి పూర్తిగా మానేసినా ఈ రెండే 8 తెచ్చిపెట్టగలవు. కాబట్టి ఫాలోఅప్ ఫారంలో గడువును “మొదటిసారి మనం మాట్లాడినప్పటి నుంచి” అని మార్చి, ఆ మార్పును ప్రొటోకాల్‌లో రాయండి. రెండు గ్రూపులకూ ఒకే ఫారం వాడాలని వేరే చెప్పక్కర్లేదు.

తాగిన పరిమాణం కోసం ఆడిట్ చాలదు. టైమ్‌లైన్ ఫాలోబ్యాక్ వాడండి. లిండా సోబెల్, మార్క్ సోబెల్ రూపొందించిన ఈ పద్ధతిలో క్యాలెండర్ ముందు పెట్టుకుని గత 14 లేదా 28 రోజులు ఒక్కో రోజూ గుర్తుచేస్తూ అడుగుతారు. అచ్చు క్యాలెండర్ మాత్రమే ఇస్తే ఎవరికీ గుర్తుండదు. ముందు కూలి డబ్బులు చేతికొచ్చిన రోజు, సంత రోజు, పెళ్లి, చావు, జాతర, ఆదివారం మాంసం తెచ్చుకున్న రోజు గుర్తుపెట్టించి, వాటి చుట్టూ మిగతావి నింపండి. అక్టోబర్ 2 లాంటి డ్రై డేలు కూడా మంచి ఆనవాళ్లే. బెల్టు షాపు ఉన్న ఊళ్లో ఆ రోజూ తాగి ఉంటారు, అది వేరే సంగతి.

4. ఎంతమంది కావాలి?

గోవాలోని పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో జరిగి 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ట్రయల్ మనకు దగ్గరి కొలమానం. ఆడిట్ 12 నుంచి 19 మధ్య ఉన్న 377 మంది మగవాళ్లను రెండు గ్రూపులు చేసి, ఒక గ్రూపుకు మామూలు వైద్యంతో పాటు వైద్య చదువు లేని స్థానిక కౌన్సెలర్లు ఒకటి నుంచి నాలుగు సార్లు కౌన్సెలింగ్ ఇచ్చారు. మూడు నెలలకు స్కోరు 8 కంటే తగ్గినవాళ్లు కౌన్సెలింగ్ గ్రూపులో 36 శాతం, మామూలు వైద్యం గ్రూపులో 26 శాతం.

అదే తేడాను 80 శాతం పవర్‌తో (నిజంగా తేడా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం), 5 శాతం హద్దుతో (లేని తేడాను ఉందనుకునే అవకాశం) పట్టుకోవాలంటే, ఆ రెండింటి నుంచి వచ్చే స్థిరాంకం 7.84తో: 7.84 × (0.36 × 0.64 + 0.26 × 0.74) ÷ 0.10² = సుమారు 332. ఇది ఒక్కో గ్రూపుకు. 15 శాతం మంది ఫాలోఅప్‌కు దొరకరనుకుంటే 332 ÷ 0.85 = 391. రెండు గ్రూపులకు 782. ఓపీకి వచ్చే వందమంది మగవాళ్లలో ఎనిమిది మంది అర్హులై, ఐదుగురు ఒప్పుకుంటారనుకోండి. 15,640 మందిని అడగాలి. ఒకరు రోజుకు 40 మందిని స్క్రీన్ చేస్తే 391 పనిదినాలు. బడ్జెట్‌ను ఈ లెక్క నుంచి వెనక్కి వేసుకోండి, చేతిలో ఉన్న డబ్బు నుంచి ముందుకు కాదు.

థీసిస్‌కు ఉన్న సమయంలో 80 మందే వస్తారా? అప్పుడు దాన్ని ఫీజిబిలిటీ (సాధ్యాసాధ్యాలు చూసే) ట్రయల్ అని పిలవండి. ఎంతమంది ఒప్పుకున్నారు, ఎంతమంది తిరిగొచ్చారు, కౌన్సెలర్ చెప్పాల్సింది చెప్పాడా అన్నవి కొలిచి నిజాయితీగా రాయండి. 80 మందితో “ప్రభావం లేదు” అని తేల్చడం, “ఉంది” అని తేల్చడం రెండూ తప్పే.

మనుషుల్ని విడివిడిగా కాక ఆరోగ్య కేంద్రాలనే రెండు గ్రూపులుగా విడదీస్తే సంఖ్య ఇంకా పెరుగుతుంది. ఒకే కేంద్రానికి వచ్చేవాళ్లు ఒకరినొకరు పోలి ఉంటారు కాబట్టి. ఒక్కో కేంద్రంలో చివరికి 25 మంది మిగిలి, ఆ పోలిక కొలత ఐసీసీ 0.04 అనుకుంటే డిజైన్ ఎఫెక్ట్, అంటే సంఖ్య ఎన్ని రెట్లు పెరగాలన్నది, 1 + 24 × 0.04 = 1.96. 332 కాస్తా 651 అవుతుంది, అంటే గ్రూపుకు 27 కేంద్రాలు. అయినా ఒక్కోసారి ఇదే మేలు. ఒకే కేంద్రంలో ఒకే నర్సు పొద్దున కౌన్సెలింగ్ ఇచ్చి, మధ్యాహ్నం కంట్రోల్ (కౌన్సెలింగ్ లేని పోలిక గ్రూపు) మనిషికి కరపత్రం మాత్రమే ఇచ్చి ఊరుకోవడం కష్టం. నేర్చుకున్న మాట నోట్లోంచి వచ్చేస్తుంది. మామూలు సిబ్బందే కౌన్సెలింగ్ ఇస్తుంటే కేంద్రాల వారీగా, బయటి కౌన్సెలర్ వచ్చి ఇస్తుంటే మనుషుల వారీగా విడదీయండి.

5. రాండమైజేషన్

ఎవరు ఏ గ్రూపులోకి వెళ్లాలో చీటీ వేసినట్టు యాదృచ్ఛికంగా తేల్చడమే ఇది. కంప్యూటర్‌తో 4, 6 సైజుల బ్లాకుల్ని (ఒక్కో బ్లాకులో రెండు గ్రూపులూ సమానంగా ఉండే చిన్న వరసలు) కలగలిపి జాబితా తయారుచేయించండి, కేంద్రం వారీగా వేరువేరుగా. జాబితా చేసినవాళ్లు రోగుల్ని చేర్చుకునే పనిలో ఉండకూడదు. అన్నిటికంటే మంచిది, దూరంగా కూర్చున్న మనిషికి ఫోన్ చేసి గ్రూపు అడగడం. కవర్లు వాడక తప్పకపోతే వరస నంబర్లు వేసిన, వెలుగుకి పట్టినా కనిపించని మందపాటి కవర్లు, లోపల కార్బన్ కాగితం పెట్టండి. కవరు మీద రోగి పేరు, తేదీ రాసి, ఆ తర్వాతే చించాలి. రాత కార్బన్ గుండా లోపలి చీటీ మీద పడుతుంది. ముందే చించి చూసి “ఈయనకు కౌన్సెలింగ్ అవసరం ఎక్కువ” అని కవర్లు మార్చే దయగల సిబ్బంది ప్రతిచోటా ఉంటారు. వాళ్ల దయ మీ ట్రయల్‌ను చంపుతుంది.

బేస్‌లైన్ (మొదటి కొలతల) ఫారం అంతా పూర్తయ్యాకే కవరు చించాలి. ఈ వరస తప్పితే గ్రూపు తెలిసినవాడి ప్రశ్నల తీరే మారిపోతుంది.

6. కౌన్సెలింగ్ గదిలో ఏం జరగాలి, కంట్రోల్‌కు ఏం ఇవ్వాలి

ఎక్కువ ట్రయల్స్ ఫ్రేమ్స్ అన్న చట్రాన్ని వాడతాయి: స్కోరు చెప్పడం, నిర్ణయం మీదేనని చెప్పడం, స్పష్టమైన సలహా, ఎంచుకోవడానికి కొన్ని దారులు, సానుభూతి, మీవల్ల అవుతుందన్న ధైర్యం. 20 నిమిషాల్ని ఇలా పంచుకోవచ్చు. 3 నిమిషాలు ఆయన స్కోరు, దానికి అర్థం. 4 నిమిషాలు తాగుడుకూ ఇవాళ వచ్చిన జబ్బుకూ ఉన్న లింకు. 6 నిమిషాలు తాగడంలో ఆయనకు నచ్చేది, నచ్చనిది ఆయన నోటితోనే చెప్పించడం. 5 నిమిషాలు ఒక లక్ష్యం: “వారంలో నాలుగు రోజులు ముట్టను”, “క్వార్టర్ కాక 90తో ఆపుతాను”. చివరి 2 నిమిషాలు ఆ లక్ష్యాన్ని కార్డు మీద రాసి చేతికివ్వడం. పెళ్లాం పిల్లల పేరెత్తి ఏడిపించడం, లివర్ ఫొటోలు చూపి భయపెట్టడం ఇందులో లేవు. కొత్త కౌన్సెలర్లు జారేది అక్కడే.

మూడు రోజుల తరగతి, రోల్‌ప్లేలు, ఆ తర్వాత పర్యవేక్షణలో ఒక్కొక్కరికీ కనీసం ఐదు నిజమైన కేసులు. అప్పటిదాకా రాండమైజేషన్ మొదలుపెట్టకండి. అనుమతితో ప్రతి సెషన్ ఆడియో రికార్డు చేసి, 10 నుంచి 20 శాతం యాదృచ్ఛికంగా తీసి బెక్సీ స్కేల్ మీద మార్కులేయించండి. 11 అంశాలు, ఒక్కోటి 0 నుంచి 4. క్లుప్త సంభాషణలకే తయారైన కొలత అది. మార్కులేసేవాళ్లు ఇద్దరుండాలి, వాళ్లిద్దరి పొంతన కూడా లెక్కకట్టాలి. ట్రయల్ సగంలో మార్కులు పడిపోతే మళ్లీ శిక్షణ ఇవ్వండి. ఫలితం శూన్యమైనప్పుడు “కౌన్సెలింగ్ పనిచేయలేదా, అసలు కౌన్సెలింగే జరగలేదా?” అన్న ప్రశ్నకు జవాబు ఈ టేపుల్లోనే ఉంటుంది.

కంట్రోల్ గ్రూపును తేలిగ్గా తీసుకోకండి. ఇంగ్లండ్‌లో జరిగి 2013లో బీఎంజే వైద్య పత్రికలో వచ్చిన సిప్స్ ట్రయల్ మూడింటిని పోల్చింది: స్కోరు చెప్పి కరపత్రం ఇవ్వడం, దానికి తోడు ఐదు నిమిషాల సలహా, ఆ రెండింటికీ తోడు 20 నిమిషాల కౌన్సెలింగ్. ఆరు నెలలకు మూడూ దాదాపు ఒకచోటే తేలాయి. స్కోరు చెప్పడమే ఒక సలహా. అసలు ఆడిట్ పది ప్రశ్నలూ అడగడమే కొందరిని ఆలోచనలో పడేస్తుంది. కాబట్టి కంట్రోల్ మనుషులతో తాగుడు సంభాషణ వీలైనంత తక్కువగా ఉండాలి. ఆడిట్-సీని ఉప్పు, పొగాకు, నిద్ర ప్రశ్నల మధ్య కలిపి అడగండి. స్కోరు చెప్పకండి, పూర్తి ఆడిట్ 20 లేదా ఆపైన వస్తే తప్ప. కరపత్రం ఒక పేజీ చాలు.

7. అనుమతులు, ప్రాణభద్రత

రిజిస్టరైన ఎథిక్స్ కమిటీ అనుమతి, 2017 ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం తెలుగు సమ్మతి పత్రం, మొదటి మనిషిని చేర్చుకునేలోపే సీటీఆర్‌ఐలో (మన దేశ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నమోదు. 2018 ఏప్రిల్ 1 నుంచి సీటీఆర్‌ఐ ముందస్తు నమోదునే ఒప్పుకుంటోంది. మొదలుపెట్టాక గుర్తొస్తే దారి మూసుకుపోయినట్టే.

తాగి వచ్చిన మనిషి సంతకం సమ్మతి కాదు. మాట తడబడుతున్నా, వాసన వస్తున్నా మరో రోజు రమ్మనండి. ఆడిట్ స్కోరు 20 లేదా ఆపైన ఉన్నవాళ్లకు, వణుకు, చెమటలు, ఇదివరకు ఫిట్స్ ఉన్నవాళ్లకు “ఇవాళే మానేయండి” అన్న మాట ప్రమాదకరం. మానిన 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్, రెండు నుంచి నాలుగు రోజుల్లో డెలీరియం (మతి తప్పి అయోమయంలో పడటం) రావచ్చు. జిల్లా ఆసుపత్రికి పంపే కాగితం, అక్కడి డాక్టర్ పేరు, వాహనం ఏర్పాటు ముందే సిద్ధంగా ఉండాలి. కార్డు వెనుక రెండు నంబర్లు అచ్చు వేయించండి: మత్తు విముక్తికి 14446, మానసిక సహాయానికి టెలిమానస్ 14416.

8. ఫాలోఅప్: ట్రయల్స్ చచ్చేది ఇక్కడే

నవంబర్ నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు 41 రోజులు చుక్క ముట్టరు. మీ మూడో నెల ఫాలోఅప్ డిసెంబర్‌లో పడితే రెండు గ్రూపుల్లోనూ సున్నాలే కనిపిస్తాయి. హనుమాన్ దీక్ష, భవానీ దీక్ష, శ్రావణ మాసం, రంజాన్ కూడా అంతే. తిరగేస్తే సంక్రాంతి వారం, దసరా, బోనాలు, ఊరి జాతర. ఆ రోజుల్లో కొలిస్తే అందరూ హద్దు దాటినవాళ్లే. చేర్చుకోవడం ఏడాది పొడవునా సాగితే ఈ ఎగుడుదిగుళ్లు రెండు గ్రూపులకూ సమానంగా పంచుకుంటాయి. అలా కుదరకపోతే ఫారంలో “ప్రస్తుతం మాలలో ఉన్నారా? గత 28 రోజుల్లో ఉన్నారా?” అన్న ఒక్క ప్రశ్న చేర్చండి. దేశం బయట తయారైన ఏ ఫారంలోనూ అది కనిపించదు.

వలస రెండో దెబ్బ. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్, చెన్నైలకు, పాలమూరు నుంచి ముంబై, పుణెలకు, జగిత్యాల, నిజామాబాద్‌ల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు ఆరు నెలలకు ఇంట్లో ఉండరు. చేర్చుకునేటప్పుడే మూడు ఫోన్ నంబర్లు, ఊరిలో తెలిసిన ఒక మనిషి వివరం, వలస వెళ్లే నెల తీసుకోండి. వేరేవాళ్లు ఫోన్ ఎత్తితే ఏం చెప్పాలో అక్షరాలా రాసిపెట్టండి: “ఆసుపత్రి ఆరోగ్య సర్వే నుంచి మాట్లాడుతున్నాం.” తాగుడు అన్న మాట రానే కూడదు. ఫోన్ ఇంటర్వ్యూకు ముందే అనుమతి తీసుకుని ఉంటే దూరాన ఉన్నవాళ్లు కూడా దొరుకుతారు. గడువు తేదీకి రెండు వారాలు అటూ ఇటూ చాలు. అంతకు మించి సాగదీస్తే ఆరు నెలలూ తొమ్మిది నెలలూ కలిసిపోతాయి.

అడిగేవాళ్లకు ఎవరు ఏ గ్రూపో తెలియకూడదు. కౌన్సెలరే వెళ్లి “తగ్గించారా?” అంటే తగ్గించామనే అంటారు. మంచివాడు మాట్లాడి వెళ్లాడు, అతన్ని నొప్పించడం ఎందుకని. ఈ మొహమాటమే వారానికి ఒక పెగ్గు కంటే పెద్దది కావచ్చు. అందుకే యాదృచ్ఛికంగా ఎంచిన 10, 20 శాతం మంది దగ్గర వేలి రక్తపు చుక్కలు కాగితం మీద ఆరబెట్టి ఫాస్ఫాటిడైల్ ఇథనాల్ (ఆల్కహాల్ వల్ల రక్తంలో తయారయ్యే పదార్థం) పరీక్ష చేయించడం మేలు. రెండు నుంచి నాలుగు వారాల తాగుడు అందులో కనిపిస్తుంది. జీజీటీ అనే లివర్ రక్తపరీక్ష చవకే, కానీ కొవ్వు లివర్‌కూ కొన్ని మాత్రలకూ కూడా పెరుగుతుంది కాబట్టి ఒంటరిగా దాన్ని నమ్ముకోకండి. పరీక్ష ఉంటుందని చెప్పడమే చాలామందిని నిజం వైపు కాస్త జరుపుతుంది.

9. విశ్లేషణ

కంట్రోల్ గ్రూపు కూడా తగ్గుతుంది. కంగారుపడకండి. బాగా తాగుతున్న రోజుల్లో పట్టుకున్న మనిషి తర్వాత ఎలాగూ తన మామూలుకు దిగుతాడు. అందుకే “ముందు, తర్వాత” పోలికతో కంట్రోల్ లేకుండా చేసిన అధ్యయనాలన్నీ అద్భుతంగా కనిపిస్తాయి. బయటి గాలి కూడా తోస్తుంది. 2019 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలు ప్రభుత్వం చేతికి వెళ్లాయి, 2024 అక్టోబర్‌లో మళ్లీ ప్రైవేటుకు వచ్చాయి. ఆ నెలల మీదుగా సాగిన అధ్యయనానికి అదే ఊళ్లోని కంట్రోల్ లేకపోతే ఏది కౌన్సెలింగ్ వల్ల, ఏది దుకాణం వల్ల అన్నది తేల్చే దారే లేదు.

ప్రధాన ఫలితాన్ని కేటాయించిన గ్రూపు ప్రకారమే లెక్కించాలి, సెషన్ పూర్తిచేయకపోయినా సరే. బేస్‌లైన్ స్కోరును, కేంద్రాన్ని మోడల్‌లో చేర్చండి. గ్రాముల లెక్కలో సున్నాలు కుప్పగా, కుడివైపు పొడుగు తోకగా ఉంటుంది. సగటు తీసి టీ-టెస్ట్ (రెండు సగటుల్ని పోల్చే పరీక్ష) చేస్తే ముగ్గురు నలుగురు రోజువారీ ఫుల్ బాటిల్ మనుషులే ఫలితాన్ని నిర్ణయిస్తారు. రెండు భాగాలుగా చేయండి: అసలు తాగారా లేదా ఒకటి, తాగినవాళ్లలో ఎంత అన్నది రెండు. గోవా ట్రయల్‌లో ఈ విడదీత వల్లే ఒక సంగతి బయటపడింది. పూర్తిగా ముట్టనివాళ్లు పెరిగారు, తాగుతూనే ఉన్నవాళ్లలో పరిమాణం మాత్రం మారలేదు. సగటు ఒక్కటే చూసి ఉంటే అది కనబడేది కాదు.

దొరకనివాళ్లందరినీ “తాగుతున్నట్టే” అని లెక్కేయడం జాగ్రత్తగా అనిపిస్తుంది, నిజానికి అది కూడా ఒక ఊహే. ఒక గ్రూపులో ఎక్కువమంది తప్పిపోతే ఫలితాన్ని వంచుతుంది. మల్టిపుల్ ఇంప్యుటేషన్ (ఉన్న వివరాల ఆధారంగా ఖాళీల్ని పలుమార్లు అంచనా వేసి నింపడం) చేసి, ఆ పక్కన ఈ లెక్కనూ పెట్టి, రెండూ ఒకే వైపు చూపిస్తున్నాయా చెప్పండి.

10. రాసేటప్పుడు, ముగించేటప్పుడు

కన్సార్ట్ 2025 పట్టిక (ట్రయల్ నివేదికలో ఏమేం ఉండాలో చెప్పేది) పక్కన పెట్టుకుని రాయండి. ఎంతమందిని అడిగారు, ఎందరు కాదన్నారు, ఎందరు తప్పిపోయారు అన్న పెట్టెల బొమ్మ తప్పనిసరి. టైడియర్ పట్టికలోని (ఇచ్చిన చికిత్సను ఎలా వివరించాలో చెప్పేది) 12 అంశాల్ని కౌన్సెలింగ్‌కే కాదు, కంట్రోల్‌కూ నింపండి. “మామూలు వైద్యం” అన్న రెండు మాటలతో సరిపెడితే, చదివేవాళ్లకు మీ ఫలితం దేనితో పోల్చిందో తెలియదు.

చివరి ఫాలోఅప్ రోజుకు అరగంట అదనంగా పెట్టుకోండి. కంట్రోల్ గ్రూపులో స్కోరు ఇంకా 8 పైనే ఉన్నవాళ్లకు ఆ రోజే కౌన్సెలింగ్ ఇవ్వాలి, సమ్మతి పత్రంలో ఆ మాట ఇచ్చి ఉంటారు కనుక. ముందు ఫారం పూర్తవ్వాలి, రక్తపు కాగితం ఆరబెట్టాలి, ఫారం కవరులో పెట్టి అతికించాలి. ఆ తర్వాతే కౌన్సెలర్‌ను గదిలోకి పిలవండి.